తెడ్డు అడగని పిల్ల

"కనపడట్లేదు తాతా, ఏమీ కనపడట్లేదు" అంటుంది వీరదుర్గ, ఏం కనపడట్లేదే అని అడిగితే నెట్‌వర్క్ అంటుంది, అదెలా ఉంటుందంటే గాల్లో ఉంటుందంటుంది, గాల్లో ఉండేది కనపడలేదని ఇంత కంగారుపడే మనిషిని భీమరాజు తన జన్మలో చూడలేదు. గాల్లో ఉండేవాటి సంగతి ఆయనకి తెలిసినంత ఈ పాలెంలో ఇంకెవరికి తెలుసు గనక. ఒక ఏడు, గోదారి సముద్రంలో కలిసే మొగ దగ్గర లేచిన గాలికి ఆయన చేతిలో కల్లుముంత ఎగిరిపోయి, గోదావరి మీదుగా సాగి, నరసాపురం రేవులో పంటు ఎక్కబోతున్న ఒక పెద్దమనిషి చేతిలో చుక్క తొణక్కుండా వాలింది; ఆ మహానుభావుడు తాగినంత తాగి, ముంత మాత్రం మర్యాదగా తిరుగుగాలికి పంపించాడు. పొద్దున ఇదే మాట చెప్తే పొట్ట పట్టుకుని నవ్విన పిల్ల ఇప్పుడు నవ్వట్లేదు. గుమ్మం పక్క బల్ల మీద కాళ్ళు ముడుచుకు కూర్చుని ఆయన ఆ పిల్ల వీపే చూస్తున్నాడు, జడ కూడా కదలకుండా బిగుసుకుపోయిన వీపు, దానికవతల నల్లటి తెర, తెర మీద చీమలబారులా కిందికి దిగే తెల్లటి అక్షరాలు. ఆ పెట్టె వెలిగేటప్పుడు మొదట ఒక పక్షి బొమ్మ వస్తుంది, నీటికాకికి వకీలు ఉద్యోగమొస్తే ఎలా ఉంటుందో అలాగ, నల్లకోటూ తెల్లపొట్టా. ఇది అందరి కంప్యూటర్లలాంటిది కాదు తాతా, లైనక్సు, ఊరికే ఇస్తారు అని వీరదుర్గ మొదటిరోజే చెప్పింది. ఊరికే వచ్చిన దూడకి పళ్ళుండవే అని ఆయనా మొదటిరోజే చెప్పాడు.

సముద్రం ఊళ్ళోకి వచ్చిపోయిన మూడో ఏడు కదా ఇది. ఆ తర్వాతనే ఎవరో పట్నం సంఘం వాళ్ళు వచ్చి ఈ గది కట్టారు, ఈ పెట్టె పెట్టారు, ఇంటరు చదివిన వీరదుర్గని దాని ముందు కూర్చోబెట్టారు, కప్పు మీద మైకు కట్టారు, భీమరాజుని కాపలా ఉంచారు. కెరటం ఎంత ఎత్తు లేస్తుందో పెట్టె చెప్తుంది, ఆ మాట వీరదుర్గ మైకులో చదువుతుంది. మొదట్లో రోజూ చదివేది. వలలు సర్దుకునే వేళకి మీటర్లూ సెంటీమీటర్లూ అంటుంటే జనం విసిగిపోయి, బాగుంటే చెప్పక్కర్లేదమ్మా, బాగోపోతేనే పిలువు అన్నారు. ఆ తర్వాత ఒకటి రెండుసార్లు నెట్ రాకపోయినా తనంత తానే అనుమానపడి బోట్లని ఆపేసింది. సముద్రం చూస్తే పలక మీద నీళ్ళలా పడుకుని ఉంది, వేట పోయింది, తిట్లు మిగిలాయి. పెద్దలు కూర్చుని తేల్చేశారు: నెట్‌లో కబురొస్తేనే మైకు, నీ అనుమానాలకి మైకు లేదు. కాబట్టి ఈ పాలెంలో మైకు పలికిందంటే ప్రమాదం, పలకలేదంటే సముద్రం రమ్మంటున్నట్టు. ఇప్పుడు పలకట్లేదు. రేవులో పాటు తీయడానికి, నీళ్ళు వెనక్కి లాగి బోట్లు బయల్దేరడానికి, ఇంక గంట కూడా లేదు. ముందు వెళ్ళే బోటు లోకనాథ్‌ది; మొగలో ఇసకమేటల మధ్య దారి తెలిసినవాడు వాడే గనక మిగతావాళ్ళంతా వాడి వెనకాలే వెళ్తారు. వాడు భీమరాజు కొడుకు. నిన్న పొద్దున పెట్టె చెప్పింది వీరదుర్గకీ తెలుసు, ఆయనకీ తెలుసు: దక్షిణాన ఎక్కడో చాలా దూరాన సముద్రం కదిలింది, రేపు మధ్యాహ్నానికి ఇటు రావచ్చు, ఎంతన్నది రేపు చూడండి. రేపంటే ఇదే. చూద్దామంటే కనపడట్లేదు.

"డ్రైవరు ఉంది, కార్డుని గుర్తుపట్టింది, పేరు కూడా చెప్తోంది. స్కాన్ కొడితే మాత్రం చుట్టుపక్కల ఏమీ లేదంటుంది తాతా" అని వీరదుర్గ వెనక్కి తిరక్కుండానే అంది. "డ్రైవరు తాగి పడుకున్నాడేమో చూడవే" అన్నాడు ఆయన. అలవాటు నోరు, ఆగదు. ఆ పిల్ల టకటకా ఏదో కొట్టింది, ఆపింది, పెట్టెని ఆర్పేసి మళ్ళీ వెలిగించింది, వకీలు నీటికాకి మళ్ళీ వచ్చింది, పోయింది. కళ్ళున్నాయి, చూపుంది, కానీ ఒడ్డు లేదంటుంది, అదీ దీని రోగం అనుకున్నాడు భీమరాజు, నడిసముద్రంలో తెల్లారినట్టు. గుమ్మంలోంచి ఆకాశం చూస్తే తోమిన సత్తుపళ్ళెం. మబ్బుతునక లేదు. ఇలాంటి ఆకాశం ఉన్నరోజునే అన్నయ్య వెళ్ళాడు. అన్నయ్యని సొరచేపల రాజు ఇల్లరికం తీసుకుపోయాడు, మొగ దగ్గర పల్లకీ పంపించి మరీ తీసుకుపోయాడు, ఏటా కార్తీకమాసంలో ఒక పండుచేప నోట కబురు పంపుతాడు, పిల్లలంతా కులాసా, పెద్దవాడికి మొప్పలొచ్చాయి అని. పాలెంలో పుట్టిన ప్రతి పిల్లకీ ఈ కథ తెలుసు. పల్లకీ మోసిన సొరచేపల పేర్లు కూడా ఆయన చెప్పగలడు, ఎప్పుడడిగినా అవే పేర్లు. అమ్మ మాత్రం ఈ కథ విన్నప్పుడల్లా లేచి దొడ్లోకి వెళ్ళిపోయేది. ఆకాశం అప్పుడూ ఇంతే. గాలి లేదు. మొగ మీద తెల్లగా ఒక గోడ లేచింది, అంతే, గాలి లేకుండా గోడ ఎలా లేస్తుందని ఇప్పటికీ... వద్దులే. నీటికాకి వకీలు సంగతి చూద్దాం.

నిన్నంతా బాగానే ఉంది కదా. నిన్నటిదాకా టెలిఫోను తీగే ఉండేది, ఉప్పుగాలి తీగని తరచు తినేస్తోందని పట్నం సంఘం చంద్రరావు సారు నిన్న మధ్యాహ్నం వచ్చి దాన్ని పీకేశాడు. ఎదురుగా తుఫాను షెల్టరు మీద ఒక చిన్న పెట్టె పెట్టాడు, ఈ పెట్టె మూత విప్పి లోపల ఏదో రేకుముక్క గుచ్చాడు, ఇకనించి తీగ అక్కర్లేదు తాతా, గాల్లోనే వస్తుంది అన్నాడు. వీరదుర్గ అప్పటికే పెనుగొండలో చుట్టాల పెళ్ళికి వెళ్ళింది, ఇదంతా చూడలేదు, కార్డూ డ్రైవరూ అని సారు ఫోనులో చెప్పిందే తెలుసు. చీకటి పడకుండా సారు బండెక్కుతూ, "కొత్త సామాను తాతా, జాగ్రత్త, నీదే భారం" అన్నాడు. ఆయన చెప్పాలా? పడవలు కాపలా కాసిన మనిషికి పెట్టె కాపలా ఎంత? ఆయన పద్ధతి ఆయనకుంది, తండ్రి నేర్పిన పద్ధతి. అందుకే పొద్దున వీరదుర్గ గది తలుపు తీస్తుంటే గుమ్మంలో నిలబడి మీసం దువ్వుకుంటూ చూశాడు, అడుగుతుందని. అడగలేదు. సరే, ఇది చదువుకున్న పిల్ల, దీనికి అక్కర్లేదు కాబోలనుకున్నాడు. మధ్యలో ఒకసారి దగ్గాడు కూడా.

వీరదుర్గ సెల్‌ఫోను తీసి గుమ్మంలోకి వచ్చి నిలబడింది, సిగ్నలు అక్కడే వస్తుంది. సారు గొంతు అవతల బస్సు మోతలో మునిగి తేలుతోంది, ఆ గొంతు భీమరాజుకి కూడా వినపడేంత పెద్దగా అరుస్తున్నాడు పాపం. "రాజమండ్రి బస్సులో ఉన్నానమ్మా, నా దగ్గర ఏ కంప్యూటరూ లేదు, ఆదివారం, ఆఫీసులో కూడా ఎవరూ ఉండరు. డ్రైవరు లోడయిందా?" "అయ్యిందండి. తీసి మళ్ళీ ఎక్కించానండి." "కార్డుకి పేరు వచ్చిందా?" "వచ్చిందండి, స్కాన్ కొడితేనే నో రిజల్ట్స్ అంటోందండి." "షెల్టరు మీద పెట్టెకి పచ్చలైటు?" "వెలుగుతోందండి, ఎక్కి చూసొచ్చానండి." "మరింకేంటి... ఆఁ, వెనక చూడమ్మా, యాంటెన్నా బిగుతుగా ఉందా?" "యాంటెన్నా అంటే... టీవీదాన్లాగ కప్పు మీద ఉంటుందాండి?" "కాదమ్మా, పెట్టె వెనకే. నల్లగా, వేలంత లావు, జానెడు పొడుగు, రబ్బరు పుల్లలా ఉంటుంది, మరకి బిగించాను నిన్న, అది లేకపోతే కార్డుకి గుడ్డే..." అంతే, బస్సు ఏ వంతెన కిందికి పోయిందో, గొంతు తెగిపోయింది.

నల్లగా. వేలంత. జానెడు. మరకి బిగించి. భీమరాజు బల్ల మీద అలాగే ఉన్నాడు, కాళ్ళు అలాగే ముడుచుకుని ఉన్నాయి, కానీ బల్ల కింద నేల లేదు. పడవ కట్టేసినవాడు తెడ్డు తీసి ఇంటికి తెచ్చుకోవాలి. తెడ్డు లేని పడవని దొంగ కూడా ముట్టుకోడు. తొమ్మిదేళ్ళ వయసులో ఒకరోజు మరిచిపోయి వస్తే నాన్న ఆ తెడ్డుతోనే వీపు పగలగొట్టాడు, అప్పటినించీ తెడ్డు లేకుండా ఒడ్డు ఎక్కింది లేదు. తెడ్డు తెచ్చి చూర్లో దోపాలి, పొద్దున పడవ తీసేవాడు వచ్చి అడగాలి, అడిగితేనే ఇవ్వాలి. అడక్కుండా తెడ్డు చేతికిస్తే ఆ పడవ ఒట్టి వలతో తిరిగొస్తుంది. నిన్న సాయంత్రం సారు వెళ్ళాక ఆయన ఈ పెట్టె చుట్టూ తిరిగాడు, దీని తెడ్డేదా అని. ముందు తెర, అది కాదు. అక్షరాల పలక, దాన్ని ఎవడూ ఎత్తుకుపోడు. వెనక చూస్తే నల్లగా నిలబడి ఉంది, మరతో, విప్పుకోమన్నట్టు. ఎంత ముచ్చటేసిందో, పట్నం వాళ్ళకి కూడా బుద్ధుంది, తెడ్డు పెట్టారు దీనికి అనుకున్నాడు. విప్పాడు. ఇంటికి తీసుకెళ్ళి లోకనాథ్ తెడ్డుకి వలతాడుతో గట్టిగా కట్టి చూర్లో దోపాడు. పొద్దుటినించీ ఎదురుచూస్తూ కూర్చున్నాడు, ఈ పిల్ల అడుగుతుందని. మీసం దువ్వుకుంటూ. కల్లుముంత కథ చెప్పుకుంటూ. ఈ పిల్ల కళ్ళు పోయినదానిలా తడుముకుంటుంటే, ఆ కళ్ళు ఆయన చూర్లో ఉన్నాయి.

లేచాడు. ఎలా లేచాడో తెలీదు. వీరదుర్గ పెట్టె వెనక్కి వంగి చూస్తోంది, "ఇక్కడేం లేదు తాతా, ఉత్త మర ఉంది, పుల్ల లేదు" అంటోంది, నేల మీద వెతుకుతోంది, బల్ల కింద వెతుకుతోంది. చెప్పాలి. నోరు తెరిచాడు. ఎన్ని అబద్ధాలు అలవోకగా దొర్లిన నోరో, ఒక్క నిజం అడ్డంపడింది. "తెస్తానే." "ఏం తెస్తావు?" "తెడ్డు." ఆ పిల్ల అలా చూసి, రెండు చేతులూ జోడించేసింది. "నీకు దణ్ణం పెడతాను తాతా, ఇప్పుడు వేళాకోళాలొద్దు. మా బాబాయి కూడా ఉన్నాడు ఆ బోట్లలో."

ఇల్లు ఎంత దూరం, పిలిస్తే పలికేంత. అదీ ఇవాళ తరగలేదు. ఎండలో ఇసక కాళ్ళకింద జారిపోతోంది, చెప్పులు ఎక్కడ వదిలేశాడో, ఎవరో ఏంటి బాబాయ్ పరుగు అన్నారు, పరుగా ఇది, తను నడుస్తున్నాననే అనుకుంటున్నాడు. చేతులు చూసుకున్నాడు, ఈ చేతులే విప్పాయి మరని, ఎడంవైపు తిప్పితే ఊడిందని ఎంత మురిశాయో. పెళ్ళాం పాపాయమ్మ గుమ్మంలో ఎండుచేపలు తిరగేస్తోంది. చూర్లో చెయ్యిపెట్టాడు. ఖాళీ. మళ్ళీ పెట్టాడు, లోపలికంటా, తాటాకు గీరుకుంది. "తెడ్డేదే?" "వాడు పట్టుకెళ్ళడా మరి? వేటకెళ్ళేవాడు గరిటె పట్టుకెళ్తాడా? నన్ను అడిగే తీసుకున్నాడు." "దానికి కట్టిన నల్లపుల్ల?" "కట్టింది కట్టినట్టే పట్టుకెళ్ళాడు. నాన్న తాయెత్తు కట్టాడమ్మా అని కళ్ళకద్దుకున్నాడు కూడాను. ఏ సాములోరు ఇచ్చాడేంటి?" ఆ మాటకి భీమరాజు చూరు పట్టుకుని నిలబడిపోయాడు. తాయెత్తు. కళ్ళకద్దుకున్నాడు. కొడుకు ఆగాలో వద్దో చెప్పాల్సిన వస్తువు కొడుకుతోపాటే బోటెక్కింది. ఇంత కథ తను కూడా కట్టలేడు. ఎవడైనా కట్టి చెప్తే, మరీ కోస్తున్నావురా అని లేచి వచ్చేసేవాడు. "ఏమయ్యా, మొహమేంటి అలా పాలిపోయింది, మాటాడవేం" అంటూ పాపాయమ్మ చేపలు వదిలేసి లేస్తోంది, ఆయన అప్పటికే రేవు దారిలో ఉన్నాడు.

మైకు పలకదు. అటు చెవి పెట్టుకునే నడుస్తున్నాడు, కప్పు మీద దాని నోరు పూవులా తెరుచుకుని, ఏమీ అనకుండా. ఆ మౌనమంతా సముద్రం రమ్మంటోంది రమ్మంటోంది అని రేవంతా వినపడుతోంది. మొగ మీద గోడ లేచినప్పుడు అన్నయ్య బోటు మీద నిలబడి ఇటు చెయ్యి ఊపాడు. ఊపాడా? ఊపాడనే అనుకుంటాడు ఇన్నాళ్ళూ. పల్లకీ లేదు, రాజూ లేడు. బోర్లాపడిన నావ అడుగు, తారు పూసిన నల్లటి అడుగు, ఎండకి మెరిసింది. అంతే చూశాడు. పదేళ్ళపిల్లాడు ఇంటికి వెళ్ళి అమ్మకి ఆ నల్లటి అడుగు గురించి ఎలా చెప్తాడు, అందుకని సొరచేప అన్నాడు. ఒక సొరచేపకి తోడు ఇంకో సొరచేప వచ్చింది. అలా అలా రాజ్యమే వచ్చేసింది. ఇసక కాల్తోంది. కాల్తోందని తర్వాత తెలిసింది.

రేవులో మోకు విప్పేశారు. లోకనాథ్ నడుం లోతు నీళ్ళలో బోటు అంచు పట్టుకుని ఉన్నాడు, తెడ్డు బోటులో అడ్డంగా, దాని మెడకి నల్లపుల్ల. వెనక బోటులోంచి వెంకన్న చూశాడు. "ఏంటి మావా ఎగపోసుకుంటూ వస్తున్నావు, సొరచేపల రాజుగారి దగ్గర్నించి శుభలేఖ వచ్చిందా?" అందరూ నవ్వారు. రోజూ ఈ నవ్వు కోసమే కదా బతికింది. ఇవాళ ఆ నవ్వు మొహాన కొట్టిన చెప్పులా తగిలింది. నీళ్ళలోకి దిగిపోయి తెడ్డు పట్టుకున్నాడు. "ఏంటి నాన్నా?" "ఇది... పెట్టెది. దానికి కళ్ళు." "మావా, ఇది కొత్తది, బాగుంది, చెప్పు చెప్పు" అని వెంకన్న ఇంజను తాడు లాగబోతున్నవాడల్లా ఆపి బోటు అంచు మీద చతికిలబడ్డాడు, కథ వినడానికి. చెప్పడానికి ఏముంది. నేనే విప్పాన్రా, పడవ తెడ్డనుకుని విప్పాన్రా, అందుకే మైకు పలకట్లేదురా అన్నాడు, అన్నాననుకున్నాడు, బయటికి వచ్చింది గాలి. లోకనాథ్ నవ్వట్లేదు. వాడు తండ్రి మొహం వైపు చూస్తున్నాడు, ముప్పై ఏళ్ళుగా చూస్తున్న మొహం, ఏ మాటన్నా ఒక పక్క మీసం కింద నవ్వు దాచుకునే మొహం, ఇవాళ అక్కడ ఏదీ దాచినట్టు లేదు. ఇంకేమీ అడగలేదు. వలతాడు ముడి పంటితో కొరికి తెంపాడు, పుల్ల పిడికిట్లో పట్టుకుని, తడిబట్టలతో గది వైపు పరిగెత్తాడు.

"ఒరే, పాటు పోతోందిరా! లోకనాథా!" వెంకన్న అరుపు వాడి వెనకాల పోయి మధ్యలోనే పడిపోయింది. ముందు బోటు కదలందే వెనక బోటు మొగ దాటదు, ఎవరికిష్టమున్నా లేకపోయినా. తిట్టుకుంటున్నారు. భీమరాజు తెడ్డు పట్టుకుని నీళ్ళలో నిలబడ్డాడు. మొగ వైపు చూశాడు. చాపలా ఉంది. కాకులు ఇసకమేట మీద నడుస్తున్నాయి. ఈ చాప ఇలాగే ఉంటే? పెట్టె వెలిగి, నెట్ దొరికి, సముద్రం చల్లగా ఉందండి వెళ్ళిరండి అంటే? ముసలాడు పట్నం సామాను విప్పి చూర్లో దోపాడని నరసాపురం దాకా నవ్వుతారు, ఇన్నాళ్ళూ ఆయన నవ్వించాడు, ఇకనించి ఆయన్ని చూసి నవ్వుతారు. లేవాలి, ఒక్క కెరటం లేవాలి, అనుకున్నాడు. అనుకుని, తన మనసులోంచి వచ్చిన ఆ మాటకి తనే గతుక్కుమన్నాడు. కెరటం లేవాలని కోరుకుంటున్నాడా తను? ఈ మొగలో? వద్దు, వద్దు తల్లీ, నవ్వనీ, ఊరంతా నవ్వనీ, చాపలాగే ఉండు. అనడానికి పెదాలు కదిలాయి గానీ సముద్రానికి వినపడిందో లేదో.

మైకు గురక పెట్టింది. కీచుమంది. నవ్వులూ తిట్లూ ఆగిపోయాయి. రేవులో ఎవరి చేతిలో ఏముంటే అది అక్కడే నిలిచిపోయింది. వీరదుర్గ గొంతు, ఏడ్చిన గొంతు, అక్షరం అక్షరం పట్టుకుని వస్తోంది. "పాలెం మావయ్యలకి, బాబాయిలకి, అన్నయ్యలకి మనవి. నెట్ దొరికిందండి. ఇది నా అనుమానం కాదండి, ఇక్కడున్నది చదువుతున్నాను. ఇవాళ మధ్యాహ్నం నుంచి రేపు పొద్దుటి వరకూ దక్షిణం వైపు నుంచి పెద్ద కెరటాలు వస్తాయండి. గాలి ఉండదు, మబ్బు ఉండదు. మూడున్నర మీటర్లు. మొగ దాటొద్దండి. మళ్ళీ చదువుతున్నాను." మళ్ళీ చదవక్కర్లేకపోయింది. ఇసకమేట మీద కాకులు ఒక్కసారి లేచాయి. వాటి వెనకాల, తోమిన పళ్ళెంలాంటి ఆకాశం కింద, ఏ గాలీ తోయకుండా, ఏ చప్పుడూ ముందు రాకుండా, మొగ ఈ చివరి నుంచి ఆ చివరి దాకా నీళ్ళు నిలబడ్డాయి. తెల్లగా నిలబడ్డాయి. ఒక క్షణం అలా ఉండి కూలాయి. చప్పుడు తర్వాత వచ్చింది, పొట్టలోకి వచ్చింది.

వెంకన్న ఇంజను తాడు చేతికి చుట్టుకుంటున్నాడు, విప్పుతున్నాడు, చుట్టుకుంటున్నాడు. కాసేపటికి ఎవరో బోటులోంచి చేపలకని నింపిన ఐసు దించడం మొదలుపెట్టారు, దాంతో అందరూ దించసాగారు, ఒకరి మొహం ఒకరు చూసుకోకుండా, గడ్డ మీద గడ్డ తడి ఇసకలో. భీమరాజు ఒడ్డున కూలబడ్డాడు. తెడ్డు ఒళ్ళో ఉంది, ఎవరో తీసుకుంటుంటే వదల్లేదు, వేళ్ళు ఒకటొకటి విప్పాల్సి వచ్చింది. వెంకన్న వచ్చి పక్కన గొంతుక్కూచున్నాడు. "మావా" అన్నాడు. "ఏదో ఒకటి చెప్పు మావా. ఎంత పెద్ద కోతైనా సరే కొయ్యి, వింటాను." ఆయన వెంకన్న వైపు చూశాడు, చూస్తూనే ఉన్నాడు. లోకనాథ్ గది నుంచి తిరిగి వచ్చాడు, రొప్పుతూ, తండ్రి ముందు నిలబడ్డాడు, ఇద్దరి మధ్యా రెండో కెరటం మోత వచ్చి పోయింది. వాడు వంగి, దించిన గడ్డలోంచి ఒక పలుకు విరిచి, లుంగీకి ఇసక తుడిచి, తండ్రి నోటి దగ్గర పెట్టాడు.

"వేసుకో నాన్నా. మాటొచ్చుద్ది."

వేసుకున్నాడు. చల్లగా నాలిక మీద ఐసు కరిగింది, కరిగి గొంతులోకి దిగింది. రేవంతా పని ఆపి ఆయన నోటివైపే చూస్తోంది. నోరు తెరిచాడు. మాటకి బదులు నీళ్ళే గడ్డం మీదికి కారాయి, లోకనాథ్ తుడిచాడు.